రూపాయి బిళ్ల కోసమే పుట్టినట్టున్న ఉంగరం: మూడేళ్లు వాడాక

పీకే ఉంగరం అంటే గారడీకి వాడే అయస్కాంతపు ఉంగరం; బిళ్ల అరచేతి వైపు దానికి అతుక్కుని మాయమైనట్టు కనిపిస్తుంది. క్లోజప్, అంటే ఎదుటివాళ్లకు దగ్గరగా కూర్చుని గారడీ చేసేవాళ్లకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు, మిగతా ఓనమాలు వదిలేస్తున్నాను. మూడేళ్లుగా వారానికి మూడు నాలుగుసార్లు వేలికి పెట్టుకున్నాక తేలిందొకటుంది. దీన్ని తయారుచేసినవాళ్లు మన దేశాన్ని మనసులో పెట్టుకున్నారని అనుకోను. అయినా ఇది అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చేది మనకే. దానికి కారణం ఉంగరం కాదు, మన రూపాయి బిళ్ల.

అమెరికా మెజీషియన్లు వాడే హాఫ్ డాలర్ 30.61 మిల్లీమీటర్ల బిళ్ల, రాగి-నికెల్‌ది. అయస్కాంతానికి అంటదు. అందుకే అక్కడి పాఠాలన్నీ షిమ్ నాణెంతో మొదలవుతాయి. అంటే లోపల ఇనుప రేకు పెట్టి మళ్లీ మూసేసిన నాణెం. దాన్ని విడిగా కొనాలి, ఎదుటివాళ్ల డబ్బుతో కలిసిపోకుండా కాపాడుకోవాలి. మనకు ఆ గొడవే లేదు. 1992 నుంచి వచ్చిన రూపాయి బిళ్ల ఫెరిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు. 2007లో మొదలైన, చేతి వేళ్ల బొమ్మ ఉండే హస్తముద్ర రూపాయి, రెండు రూపాయలూ అంతే. 2011 తర్వాత ₹ గుర్తుతో వచ్చినవీ, 2019 వరుసలోవీ అంతే. ఇవన్నీ అయస్కాంతానికి ఠక్కున అతుక్కుంటాయి. ఎదుటివాళ్లు జేబులోంచి తీసిచ్చిన బిళ్లతోనే పని మొదలుపెట్టి, అయ్యాక అదే బిళ్ల వాళ్ల చేతిలో పెట్టేయొచ్చు. ఎంతసేపు తిప్పి తిప్పి చూసుకున్నా అందులో ఏమీ దొరకదు, ఎందుకంటే అందులో ఏమీ లేదు. మడత నాణెం (కోసి, మడిచేందుకు వీలుగా చేసిన ట్రిక్కు బిళ్ల) కోసం మన బిళ్లలనే కోసుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకుంటే మంచిది: నాణేన్ని ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. ఉంగరంతో ఆ భయం కూడా లేదు.

అంటనివాటిలో ముఖ్యమైనవి: 2004 దాకా వచ్చిన పదకొండు పలకల రెండు రూపాయలు, మందపాటి పాత రాగి-నికెల్ ఐదు, బంగారు రంగులో ఉండే ఇత్తడి ఐదు, పన్నెండు పలకల ఇరవై. 2007 ప్రాంతంలో కొన్నాళ్లు వచ్చిన స్టీలు ఐదు మాత్రం అంటుతుంది. గుప్పెడు చిల్లర ముందు పోసినప్పుడు చేత్తో ఏరుకుంటూ కూర్చుంటే అనుమానం వస్తుంది. రంగు చూసి తెల్లవాటిలోంచి పలచటి గుండ్రటిది తీసుకుంటే సరిపోతుంది.

మొదట్లో స్టీలు బిళ్ల ఏదైనా ఒకటే అని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట కాస్త సరిదిద్దుకోవాలి. హస్తముద్ర రెండు రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, 5.62 గ్రాములు. చేతిలో నిండుగా ఉంటుంది, నాలుగు గజాల దూరం నుంచి కూడా కనిపిస్తుంది. కానీ ఉంగరానికి అంటుకున్నాక వేలికి రెండు పక్కలా బయటికొస్తుంది. పక్క వేళ్లు దగ్గరగా పెట్టాల్సిందే, కాబట్టి వేళ్లు విడదీసి ఖాళీ చెయ్యి చూపించే ముచ్చట తీరదు. 2019 వరుస రూపాయి 20 మిల్లీమీటర్లు, 3.09 గ్రాములే. సగటు మగవాళ్ల వేలి వెనక దాదాపు పూర్తిగా దాక్కుంటుంది. వేళ్లు విడదీయొచ్చు, బల్లకు రెండు పక్కల కూర్చున్నవాళ్లకు కూడా దొరకదు. అయితే అంత చిన్న బిళ్ల మాయమైనా వెనక వరుసకు తెలియదు, అసలు ఉన్నట్టు వాళ్లకు కనిపిస్తేగా! ముగ్గురు నలుగురి మధ్య అయితే కొత్త రూపాయి, పదిమంది చుట్టూ మూగితే పాత రెండు. మధ్యలో 25 మిల్లీమీటర్ల పాత రూపాయి రెండిటికీ రాజీ. అవి ఇప్పుడు చిల్లరలో అరుదుగా వస్తున్నాయి, కనిపించినప్పుడల్లా పక్కన పెట్టుకోవడం మేలు.

చిన్న బిళ్లతో ఇంకో తలనొప్పి చప్పుడు. తేలికగా ఉంటుంది కాబట్టి చాలాముందే గాల్లోకి లేచి ఉంగరాన్ని కొట్టుకుంటుంది. 'టక్'మనే ఆ శబ్దం నిశ్శబ్దంగా ఉన్న గదిలో ట్రిక్కు మొత్తాన్ని బయటపెడుతుంది. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, బిళ్లను ఉంగరానికి ఎదురుగా తేకుండా వేలి మొదటి కణుపు మీద ఆనించి అక్కణ్నుంచి కిందికి జార్చడం. చర్మం మీద జారుతూ వస్తుంది కాబట్టి గెంతదు. రెండు, ఉంగరం అరచేతి వైపు భాగానికి ఆసుపత్రుల్లో వాడే కాగితపు టేపు ఒక్క పొర అంటించడం. రెండు పొరలు వద్దు. అయస్కాంతం లాగుడు దూరంతోపాటు చాలా త్వరగా పడిపోతుంది, రెండో పొరకే పాత రెండు రూపాయల బిళ్ల చెయ్యి ఊపినప్పుడు జారడం మొదలుపెడుతుంది.

ఉంగరం చుట్టూ బలం ఒకేలా ఉండదని కూడా పెట్టె మీద ఎవరూ రాయరు. బిళ్లను అంచు వెంట తిప్పి చూడండి. నా దగ్గరున్న రకంలో ఎదురెదురుగా రెండు చోట్ల గట్టిగా పట్టుకుంటుంది, మధ్యలో మెతకగా ఉంటుంది. ఆ గట్టి చోట్లలో ఒకటి సరిగ్గా అరచేతి వైపు ఉండాలి. చెమట పట్టినప్పుడు ఉంగరం వేలి మీద పావు వంతు తిరిగితే చాలు, బిళ్ల వేలాడినట్టు పట్టుకుని, మణికట్టు తిప్పగానే నేల మీద పడుతుంది. లోపలి అంచున గోళ్లరంగుతో చిన్న చుక్క పెట్టుకుని, మొదలుపెట్టే ముందు బొటనవేలితో సరిచేసుకోవడం అలవాటు కావాలి.

ఇక అసలు దెబ్బ. మొదటి ఉంగరం పద్నాలుగో నెలలో పోయింది. పైకి మెరుస్తున్నది లోహపు కడ్డీ కాదని చాలామందికి తెలియదు. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన పొడిని అచ్చులో నొక్కి కాల్చిన ముద్ద అది. అంటే గట్టిదనం స్టీలుది కాదు, పింగాణీది. దాని మీద నికెల్-రాగి-నికెల్ పూత వెంట్రుకలో మూడో వంతు మందం కూడా ఉండదు. మన చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. కోస్తాలో అయితే గాల్లో కూడా ఉంటుంది. ముందు లోపలి అంచున, వేలికి ఒరిసే చోట పూత మసకబారింది. నెల తిరిగేసరికి అక్కడ ఆవగింజంత బుడిపె లేచింది. బుడిపె అంటే లోపల తుప్పు పట్టి ఉబ్బుతోందని అర్థం. అప్పుడే ఆపేయాల్సింది. ఆ తర్వాత బూడిదరంగు పొడి రాలింది, వేలికి నల్లటి చార పడింది, పట్టు సగానికి తగ్గింది. చివరికి ఇనప బీరువా తలుపుకు ఠంగుమని కొట్టుకుని రెండు ముక్కలైంది. పగిలిన అంచులు బ్లేడులా ఉంటాయి. ఆ రెండు ముక్కలూ మళ్లీ ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో చర్మాన్ని పట్టుకుంటాయి, జాగ్రత్త. అమ్మినవాళ్లను అడిగితే పూతకు పూచీ లేదన్నారు.

రెండోది రెండేళ్లకు దగ్గరవుతోంది, ఇంకా చెక్కుచెదరలేదు. చేస్తున్నది పెద్దగా ఏమీ లేదు. కొన్న రోజే లోపలి వైపున రంగులేని గోళ్లరంగు రెండు పూతలు, మధ్యలో గంట ఆరనిచ్చి. ప్రతి రెండు నెలలకూ ఇంకో పూత. చెయ్యి కడుక్కునే ముందు తీసేయడం, వాడాక పొడిగుడ్డతో తుడవడం. దాచడానికి ఏటికొప్పాక లక్క భరిణె, లోపల కాస్త దూది. చెక్కది కాబట్టి అతుక్కోదు, మూత బిగువుగా పడుతుంది. వచ్చిన రేకు డబ్బాలో పెడితే తీసినప్పుడల్లా గోడకు కొట్టుకుంటుంది, పూతకు మొదటి గాటు పడేది అక్కడే.

ఫంక్షన్ హాళ్లలో చేసేవాళ్లకు ఒక మాట. గుడ్డ కప్పిన మడత బల్లలకు అడుగున ఇనప చట్రం ఉంటుంది. చెయ్యి బల్ల అంచున యథాలాపంగా ఆనిస్తే ఉంగరం చట్రానికి అతుక్కుని మోగుతుంది. కూర్చునే ముందే చేత్తో అడుగున తడిమి చూసుకోవాలి. చీర చెంగున పెట్టిన పిన్నీసులు, తలపిన్నులు ఇంకో ప్రమాదం. ఒకసారి పట్టుకున్నాయంటే వాటిని నవ్వుతూ విదిలించుకోవడం కుదరదు. ఫోన్‌లో దిక్సూచి తప్పు చూపిస్తుంది, ముళ్ల గడియారం ఆగిపోవచ్చు, ఏటీఎం కార్డు నల్లగీత చెడిపోవచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు మాత్రం కనీసం అరడుగు దూరం పాటించాలి. పెద్దవాళ్ల మధ్య చేసేటప్పుడు ముందే అడగండి, మొహమాటపడే విషయం కాదిది.

ఉంగరంతో వచ్చిన వీడియో పాఠాల్లో సగం మనకు అక్కర్లేదు. షిమ్ నాణేన్ని మామూలు నాణెంగా మార్చిపెట్టే ఎత్తులే సగం సేపు నేర్పిస్తారు. మిగిలిన సగం బాగుంది, ముఖ్యంగా బిళ్లను విడిపించడం: లాగకూడదు, బొటనవేలితో పక్కకు తొయ్యాలి. లాగితే చెయ్యి బిగుసుకోవడం కనిపిస్తుంది, పక్కకు తోస్తే చప్పుడు లేకుండా వదులుతుంది. కాకపోతే పాఠంలో చేతులు హాఫ్ డాలర్‌కు అలవాటైనవి. మన హస్తముద్ర రెండే దానికంటే మూడున్నర మిల్లీమీటర్లు చిన్నది, రూపాయి ఇంకా చిన్నది కాబట్టి అరచేతిలో ఇరికించే దగ్గర వాళ్లు చూపించినట్టు చేస్తే పడిపోతుంది, పట్టు కాస్త చిటికెన వేలి వైపు జరపాలి.

కొనొచ్చా అంటే, ఇళ్లలో, స్నేహితుల మధ్య, అరువు బిళ్లతో చేసేవాళ్లకు ఇంతకంటే చవకైన సుఖం నాకు కనిపించలేదు. చేతులు ఎక్కువ చెమట పట్టేవాళ్లకు ఏడాదికొకటి ఖర్చని లెక్కేసుకుని చెబుతున్నాను. కుర్రాళ్ల మధ్య చేసేవాళ్ల సంగతి వేరు. బిళ్ల ఇమ్మంటే ఫోన్ తీసి స్కాన్ ఎక్కడ అని అడుగుతున్నారు, రెండు పాత రూపాయలు మనమే వెంట తీసుకెళ్లాలి, అలా చేస్తే నేను ఇంత పొగిడిన అరువు బిళ్ల లాభం సగం పోయినట్టే. కొనేట్టయితే వేలి కొలత సాయంత్రం పూట తీసుకోండి, ఎండాకాలమైతే మరీ మంచిది, అప్పుడు వేళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. బిగుతైతే కంసాలి దగ్గరికెళ్లి సాగదీయించుకునే ఉంగరం కాదిది, సుత్తి తగిలితే ముక్కలవుతుంది. అర సైజు వదులుగా తీసుకుని లోపల టేపు వేసుకోవడం నయం.