సముద్రంలో భారీ రక్షిత ప్రాంతం: పూర్తి నిషేధమా, జోన్ల పద్ధతా? ఏది మేలు?

ఏ దేశమైనా తన సముద్రంలో కొన్ని లక్షల చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతంగా ప్రకటిస్తోందంటే వార్తల్లో ముందు కనిపించేది విస్తీర్ణమే. 2030 నాటికి సముద్రాల్లో 30 శాతాన్ని కాపాడాలని 2022 డిసెంబర్‌లో కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందం కుదిరాక ఈ అంకెల మీద మోజు ఇంకా పెరిగింది. ప్రతిపాదన చేతికి రాగానే అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరే ఉందని నా అభిప్రాయం. ఈ రోజు అక్కడ జరుగుతున్న ఏ పని రేపటి నుంచి ఆగిపోతుంది? దీనికి సూటిగా జవాబు లేకపోతే, ఎంత పెద్ద ప్రాంతమైనా మ్యాప్ మీద రంగు వేసినట్టే.

ఈ ప్రతిపాదనలు ముఖ్యంగా రెండు రకాలుగా వస్తాయి. ఒకటి, తీరానికి చాలా దూరంగా ఒకే పెద్ద ముక్కలో వాణిజ్య చేపల వేటను పూర్తిగా నిషేధించడం. రెండోది, ప్రాంతమంతటినీ జోన్లుగా విడగొట్టి కొన్ని చోట్ల పూర్తి నిషేధం, కొన్ని చోట్ల గాలం వేటకే అనుమతి, మిగతా చోట్ల వలలకు కూడా అనుమతి అన్నట్టు నడపడం.

మొదటి రకానికి ఉన్న పెద్ద బలం కాపలా సులువు కావడం. వేట మొత్తంగా నిషేధం కాబట్టి ఉపగ్రహ ట్రాకింగ్‌లో ఓడ నెమ్మదించి ముందుకూ వెనక్కూ తిరుగుతూ కనిపించిందంటే అనుమానించడానికి అదే చాలు. ఏ వల వేసింది, ఏ చేప పట్టింది అన్న వాదనకు తావుండదు. హవాయికి వాయవ్యంగా ఉన్న పాపహానౌమొకువాకేయా అనే రక్షిత ప్రాంతం 2016లో విస్తరించి సుమారు 15 లక్షల చదరపు కిలోమీటర్లయింది. ఆ తర్వాత దాని సరిహద్దు దగ్గర వేటాడే లాంగ్‌లైన్ (పొడవాటి తాడుకు వరసగా గాలాలు కట్టి వదిలే) ఓడల గాలాలకు ఎల్లోఫిన్ ట్యూనా పడే రేటు 54 శాతం పెరిగిందని 2022లో ఒక అధ్యయనం తేల్చింది. పసిఫిక్‌లోనే మరో నిషేధ ప్రాంతం మీద 2023లో వచ్చిన విశ్లేషణ మాత్రం స్కిప్‌జాక్, బిగ్‌ఐ ట్యూనాలకు దానివల్ల ఒరిగింది చాలా తక్కువ అంది. వేల కిలోమీటర్లు తిరిగే చేపకు ఒక గీత ఎంతవరకు అడ్డం పడుతుందన్నది ఇంకా తెగని చర్చే. అందుకే ప్రతిపాదనలో 'ట్యూనా పెరుగుతుంది' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే నేను నమ్మను. ఏ జాతి, ఎంత దూరం తిరుగుతుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది అన్నవి చెప్పాలి.

ఆ 2023 విశ్లేషణలోని ప్రాంతం కిరిబాటి దేశపు ఫీనిక్స్ దీవులు. దాని కథను కాస్త నిదానంగా చూడాలి. 4,08,250 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతానికి 2010లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అప్పటికి పూర్తి నిషేధం ఉన్నది అందులో 3 శాతం పైచిలుకులోనే. మొత్తం మీద వాణిజ్య వేట ఆగింది 2015 జనవరి 1న. మూసేస్తారన్న మాట బయటికొచ్చిన 2013 సెప్టెంబర్ నుంచి ఆ తేదీ దాకా ఓడలు ఎగబడ్డాయి. మూసివేత ముప్పు లేని పోల్చదగ్గ ప్రాంతంతో చూస్తే అక్కడ వేట రెట్టింపును మించిందని తర్వాత లెక్క తేలింది. తలుపు వేసేలోపు దొరికినంత పట్టుకుపోయారన్నమాట. చివరికి 2021 నవంబర్‌లో కిరిబాటి ఆ ప్రాంతాన్ని మళ్లీ వేటకు తెరుస్తామని ప్రకటించింది. ట్యూనా లైసెన్స్ ఫీజులే ప్రభుత్వ ఆదాయంలో పెద్ద భాగమైన దేశం అది. కోల్పోయే డబ్బుకు ఏళ్ల తరబడి నిలిచే ఏర్పాటు లేకపోతే, ఎంత మంచి మనసుతో పెట్టిన నిషేధమైనా నిలబడటం కష్టం. కిరిబాటిని తప్పుపట్టడం నాకు చేతకాదు. తప్పంతా ఆ లెక్కను గాలికొదిలేసిన పద్ధతిది.

జోన్ల పద్ధతికి ఇప్పటికీ మంచి ఉదాహరణ ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్. 2004కి ముందు అక్కడ వేట నిషేధం ఉన్నది 5 శాతం లోపే. ఆ ఏడాది జులై 1 నుంచి అది 33 శాతమైంది. అంకె కన్నా అక్కడికి ఎలా చేరారన్నది ముఖ్యం. పగడపు దిబ్బలు, ఇసుక నేలలు, సముద్రపు గడ్డి మైదానాలు అన్నీ చూసి మొత్తం ప్రాంతాన్ని 70 జీవప్రాంతాలుగా, అంటే ఒకే తరహా ఆవాసం, జీవులు ఉన్న ముక్కలుగా గుర్తించారు. ప్రతి దానిలోనూ కనీసం 20 శాతం నిషేధంలోకి రావాలని నియమం పెట్టుకున్నారు. ఎవరికీ అక్కర్లేని నీళ్లను ఏరి శాతం నింపేయడానికి వీల్లేకుండా పోయింది. జనం నుంచి 31,000 పైగా అభిప్రాయాలు వచ్చాయి, గీతలు మారాయి. నష్టపోయిన వేటగాళ్లకు, అనుబంధ వ్యాపారాలకు ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది.

ఫలితం ఎలా ఉందో ఆ రీఫ్‌లోని కెప్పెల్ దీవుల దగ్గర చేసిన పనిలో కనిపిస్తుంది. 2012లో వెలువడిన ఆ పరిశోధనలో పిల్లచేపల డీఎన్‌ఏ తీసి తల్లిదండ్రులెవరో వెతికారు. అక్కడి దిబ్బల్లో నిషేధం ఉన్నది 28 శాతమే. అయినా 30 కిలోమీటర్ల పరిధిలో కొత్తగా చేరిన పిల్లచేపల్లో సగం దాకా ఆ కాస్త చోటు నుంచే వచ్చాయి. పక్కన వల వేసుకునేవాడికి ఇంతకంటే సూటిగా చెప్పగల మాట లేదు.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. జోన్ల పేరుతో అన్నింటికీ అనుమతి ఇచ్చేసి, మొత్తం విస్తీర్ణాన్ని 'రక్షితం' ఖాతాలో వేసుకోవడం మామూలైపోయింది. కాపలా ఖర్చు కూడా ఎక్కువ. ఇక సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడటాన్ని ఏ జోనూ ఆపలేదు. గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016, 2017, 2020, 2022, 2024లలో అదే జరిగింది.

అంటార్కిటికాలోని రాస్ సముద్రం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 15.5 లక్షల చదరపు కిలోమీటర్లలో 72 శాతం పూర్తి నిషేధం, మిగతాది పరిశోధన కోసం పరిమిత వేటకు వదిలిన జోన్లు. 2017 డిసెంబర్ 1న అమల్లోకి వచ్చింది, కానీ గడువు 35 ఏళ్లే. దశాబ్దాల తరబడి బతికే టూత్‌ఫిష్ లాంటి చేపకు అది ఒక జీవితకాలం కూడా సరిగా కాదు.

ఆ సముద్రం మీద హక్కున్నవాళ్ల సమ్మతి మాట కూడా ఉంది. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల చుట్టూ 2010లో బ్రిటన్ ప్రకటించిన రక్షిత ప్రాంతం మారిషస్ హక్కులను ఖాతరు చేయలేదని 2015లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తప్పుపట్టింది. అక్కడి జనాన్ని అంతకు దశాబ్దాల ముందే దీవుల నుంచి వెళ్లగొట్టారు. అలా మొదలైన దాన్ని పరిరక్షణకు నమూనాగా నేను చూడలేను.

నన్నడిగితే, తీరం దగ్గర మనుషులు బతికే సముద్రానికి జోన్ల పద్ధతే మేలు. కాకపోతే ప్రతి రకం ఆవాసంలోనూ గట్టి నిషేధ భాగం ఉండాలి. పెద్ద ముక్క నిషేధం ఎంచుకోవాల్సింది రెండు చోట్ల మాత్రమే. ఒకటి, ఓడలు ఇంకా పెద్దగా చేరని నీళ్లు. అక్కడ తర్వాత వేట మొదలయ్యాక ఆపడం కన్నా ముందే మూసేయడం చవక. రెండోది, పరిహారపు డబ్బు ప్రకటనకు ముందే బ్యాంకులో ఉన్న చోటు. రెండు రకాల్లోనూ ప్రకటనకు, అమలుకు మధ్య గడువు వీలైనంత తక్కువ ఉండాలి.

ఏ దేశానికీ చెందని సముద్రాల కోసం వచ్చిన ఒప్పందం 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. అంటార్కిటికా చుట్టూ సముద్రంలో వేట, రక్షిత ప్రాంతాల సంగతి తేల్చే అంతర్జాతీయ కమిషన్‌లో ఒక్క దేశం కాదన్నా ప్రతిపాదన ఆగిపోతుంది. తూర్పు అంటార్కిటికా ప్రతిపాదన పదేళ్లకు పైగా అలాగే మూలన పడి ఉంది. కొత్త ఒప్పందంలో ఏకాభిప్రాయం కుదరకపోతే నాలుగింట మూడు వంతుల మెజారిటీతో తేల్చే వీలుంది. అక్కడికి వచ్చే తొలి ప్రతిపాదనల్లో నేను వెతికేది మూడే: గత ఐదేళ్లలో ఆ నీళ్లలో తిరిగిన ఓడల రికార్డు, జోన్ల మ్యాప్, కాపలా ఖర్చు ఎవరు పెడతారన్న సంతకం.