కువైట్ దుమ్ములో ఎయిర్ ప్యూరిఫైయర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఎయిర్ ప్యూరిఫైయర్ కొనొచ్చా అంటే కొనొచ్చు. టేబుల్ మీద పేరుకునే ఇసుక తగ్గుతుందన్న ఆశతో మాత్రం వద్దు.

మేముండేది ఫర్వానియాలో, పాత బిల్డింగ్. హెపా ఫిల్టర్ (సన్నటి కణాలను కూడా పట్టే దట్టమైన ఫిల్టర్) ఉన్న మధ్యరకం మిషన్ కొన్నేళ్లుగా బెడ్‌రూమ్‌లో నడుస్తోంది. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో సరాయత్ అంటారు, ఉరుములతో పాటు ఇసుక గోడలా లేచి వస్తుంది. జూన్, జూలైలో షమాల్ గాలి వాయవ్యం నుంచి ఇరాక్ మైదానాల మట్టిని మోసుకొస్తుంది. 2022 మేలో దుమ్ము తుపాన్లు వరసగా వచ్చి, ఎయిర్‌పోర్టులో విమానాలు కూడా ఆపేశారు.

అలాంటి రోజుల్లో గాలి ఎలా ఉందో చూపే మిషన్ మీది లైటు చాలాసార్లు ఆకుపచ్చగానే ఉంటుంది, అంటే గాలి బాగుందని; మహా అయితే పసుపు. వేలితో గీస్తే టీవీ మీద గీత పడుతుంది, అయినా మిషన్‌కు చీమ కుట్టినట్టుండదు. అదే వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తే చాలు, ఎర్రలైటు వెలిగి ఫ్యాన్ గోల పెడుతుంది! కారణం ఉంది. ఇళ్లల్లో వాడే మిషన్ల చిన్న సెన్సర్లు పట్టుకునేది ముఖ్యంగా పీఎం 2.5, అంటే పొగలాంటి సన్నటి కణాలు. ఎడారి దుమ్ములో ఎక్కువ భాగం అంతకంటే ముతక. అది సెన్సర్‌కు సరిగా ఆనదు, మిషన్ దాకా రాకముందే నేలమీద వాలిపోతుంది.

ముతక దుమ్ము సంగతి కిటికీల దగ్గరే తేల్చుకోవాలి. అల్యూమినియం స్లైడింగ్ కిటికీల సందులకు ఫోమ్ టేపు అంటించాం, హారిస్‌ను (బిల్డింగ్ కాపలాదారును) బతిమాలి తలుపు కింద రబ్బరు పట్టీ వేయించాం. తేడా అప్పుడు తెలిసింది. ఇంకొకటి, తుపాను రోజు బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేయండి. అది లోపలి గాలిని బయటికి తోసేకొద్దీ సందుల్లోంచి దుమ్ము లోపలికి వస్తుంది. తర్వాత చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఇంతకీ మిషన్ వల్ల లాభమేంటంటే, నిద్ర. తలుపు మూసి రాత్రంతా నడిపితే పొద్దున్నే మా ఆవిడకు వచ్చే తుమ్ములు బాగా తగ్గాయి. చలికాలం రాత్రులు గాలి కదలక బండ్ల పొగ కిందనే నిలిచిపోయినప్పుడు మరీ ఉపయోగం. హాల్లో పెట్టి ఇల్లంతా శుభ్రమవుతుందనుకుంటే అయ్యే పని కాదు. డబ్బా మీద రాసే చదరపు మీటర్లు చూడకుండా సీఏడీఆర్ అంకె చూడండి, అంటే మిషన్ గంటకు ఎంత గాలిని శుభ్రం చేసి ఇస్తుందో చెప్పే లెక్క. 2.7 మీటర్ల ఎత్తున్న 20 చదరపు మీటర్ల గదిలో గాలి గంటకు ఐదుసార్లు శుభ్రపడాలంటే గంటకు దాదాపు 270 క్యూబిక్ మీటర్ల సీఏడీఆర్ కావాలి. అదీ ఫుల్ స్పీడులో ఇచ్చే లెక్క, ఆ మోతలో నిద్ర పట్టదు. కాబట్టి కాస్త పెద్దదే తీసుకుని తక్కువ స్పీడులో వాడటం మేలు. అయనైజర్ (గాలిలోకి విద్యుత్ కణాలు వదిలే) బటన్ ఉంటే ఆపేసుకోండి, కొన్నింటిలో ఊపిరితిత్తులకు మంచిది కాని ఓజోన్ వాయువు వస్తుంది.

ఖర్చంతా ఫిల్టర్ దగ్గరే. ఏడాది వస్తుందని రాశారు గానీ, దుమ్ము సీజన్ పడితే ఆరేడు నెలలకే పని అయిపోతుంది. ముందుండే జాలీని ఆ రోజుల్లో వారానికోసారి కడిగితే కొంత నయం. హెపాను మాత్రం కడగకూడదు. కొనేముందు దుకాణంలో ఆ మోడల్ ఫిల్టర్ స్టాకు ఉందో లేదో అడగండి. లేదంటే, మిషన్ ఎంత ఆఫర్‌లో ఇచ్చినా తీసుకోవద్దు.