అందరూ తలో చెయ్యి వేసిన హామండ్ సీ-3, ఏడేళ్లు వాడాక

ఏడేళ్ల నుంచి వాడుతున్నా కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయగలను. చికాగో దగ్గర మూసేస్తున్న ఒక చర్చిలో 600 డాలర్లకి కొన్న హామండ్ సీ-3 ఆర్గాన్ ఇది, 1950ల చివర్లోది, పక్కనే లెస్లీ స్పీకర్ (లోపల గిరగిరా తిరిగే భాగాలతో శబ్దాన్ని ఊపే స్పీకర్ పెట్టె) కూడా ఇచ్చేశారు. అంత తక్కువకి ఎందుకిచ్చారంటే లోపల ఎవరూ చెయ్యి పెట్టని చోటంటూ లేదు. కుడివైపు చెక్కకి ఐదు బెజ్జాలు కొట్టి జాకులు, స్విచ్‌లు బిగించారు, ఏది దేనికో ఎక్కడా రాసి లేదు. వెనక చెక్క తీస్తే రంగురంగుల వైర్లు, సగం వైర్లకి చివర టేపు చుట్టి అలాగే వదిలేశారు. వైబ్రాటో (స్వరాన్ని సన్నగా వణికించేది) లేదు, పర్కషన్ (కీ నొక్కగానే వచ్చే చిన్న దెబ్బ లాంటి చప్పుడు) ఏదో వేరేలా మోగుతోంది, స్టార్ట్ స్విచ్ పట్టుకుంటే మూలుగుతుందే తప్ప స్పీడ్ అందుకోవట్లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సీ-3 అంటే లోపల అచ్చంగా హామండ్ వాళ్ల ఇంకో మోడల్ బీ-3నే, పెట్టె ఒక్కటే తేడా, కాళ్లు కనపడకుండా చుట్టూ మూసి ఉంటుంది, అందుకే చర్చిల్లో ఎక్కువ కనిపిస్తుంది. శబ్దం పుట్టేది 91 ఇనప చక్రాల నుంచి, అంచున పళ్లున్న ఈ చక్రాలు అయస్కాంతం ముందు తిరుగుతుంటే తీగచుట్టలో కరెంటు అలలా పుడుతుంది, అదే స్వరం. మోటారు నిమిషానికి సరిగ్గా 1200 చుట్లు, అంటే సెకనుకి 20, అక్కడి నుంచి 'ఏ' స్వరానికి 88 బై 64 గేరు, అంటే సెకనుకి 27.5 చుట్లు, ఆ చక్రానికి 16 పళ్లు, గుణిస్తే సెకనుకి 440 కంపనాలు. నేను ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్న రోజు రాత్రి నిద్రపట్టలేదు. దీనికి శ్రుతి చేసే పనే ఉండదు, అరవై ఏళ్ల తర్వాత కూడా 440 అంటే 440.

ముందు ఆయిల్ సంగతి. ఈ మెషీన్‌కి హామండ్ ఆయిల్ ఒక్కటే పొయ్యాలి, ఎందుకంటే పైన పోసిన నూనె సన్నటి నూలు దారాల వెంట మెల్లగా పాకి ఒక్కో బేరింగ్‌కీ చేరుతుంది. ఇందులో ఎవరో కుట్టుమిషన్‌కి వేసే లాంటి నూనె పోశారు, అది ఏళ్ల తరబడి జిగురై దారాలు గట్టిపడిపోయాయి. నాఫ్తా (జిగురుని కరిగించే ద్రావణి) కలిపిన ఆయిల్ కొంచెం కొంచెంగా పోస్తూ మూడు వారాలు ఆగాను, రోజూ ఒకసారి చేత్తో షాఫ్ట్ తిప్పి చూసేవాణ్ణి, మొదట్లో రాయిలా ఉండేది, పద్దెనిమిదో రోజున వేలితో తోస్తే కదిలింది. ఇప్పుడు స్టార్ట్ స్విచ్ ఎనిమిది సెకన్లు, తర్వాత పక్కనున్న రన్ స్విచ్ కూడా వేసి నాలుగు సెకన్లు, స్టార్ట్ వదిలేస్తే మెత్తగా తిరుగుతుంది. కొన్నవాళ్లెవరైనా వేరే నూనె పోద్దామనుకుంటే దయచేసి వద్దు.

ఇక మార్పులు. నేను మొదట చేసిన మంచి పని ఏదీ పీకకపోవడం. ప్రతి వైరుకీ మాస్కింగ్ టేపు మీద నంబరు రాసి, ఫొటోలు తీసి, పాత సర్వీస్ మాన్యువల్ పక్కన పెట్టుకుని ఏ వైరు అసలుది, ఏది తర్వాత వచ్చింది అని రెండు నెలలు చూశాను. అప్పుడు అర్థమైంది ఏంటంటే ఇది ఒక్కరి పని కాదు, కనీసం ముగ్గురిది, సోల్డరింగ్ చూస్తేనే తెలిసిపోతుంది. ఒకాయనది అద్దంలా మెరిసే చిన్న చుక్క, ఇంకొకాయనది ముద్దలు ముద్దలు. మెరిసే సోల్డర్ ఉన్నచోట చేసిన మార్పు వెనక ప్రతిసారీ ఒక అవసరం కనిపించింది, లైన్ అవుట్ జాక్ పాటలు రికార్డ్ చేయడానికి, లెస్లీ స్పీడ్‌కి ఎడమ చేతికి అందేలా అర్ధచంద్రాకారం స్విచ్. ఆ రెండూ ఉంచేశాను, ఇప్పటికీ వాడుతున్నా.

పర్కషన్ మాత్రం తీసేశాను. ఒరిజినల్‌లో పర్కషన్ అనేది మొదట నొక్కిన కీకి మాత్రమే 'టంగ్' మంటుంది, అన్ని వేళ్లూ ఎత్తితే గానీ మళ్లీ రాదు. పైగా అది పలకాలంటే తొమ్మిదో డ్రాబార్ (స్వరంలో ఏ పొర ఎంత గట్టిగా కలవాలో సర్దే లాగుడు మీట) కాంటాక్ట్‌ని వాడుకుంటుంది కాబట్టి పర్కషన్ వేసినంతసేపూ ఆ డ్రాబార్ మూగగా ఉంటుంది. ఇదేదో లోపం అనుకుని ఎవరో ట్రాన్సిస్టర్ బోర్డు ఒకటి పెట్టి ప్రతి కీకీ మోగేలా చేశారు. వినడానికి బొమ్మ కీబోర్డులా ఉండేది. నా లెక్కలో ఆ పరిమితే ఈ వాయిద్యం తీరు, వేలు ఎక్కడ ఎత్తాలి ఎక్కడ కలిపి వాయించాలి అన్నది అదే నేర్పుతుంది. బోర్డు తీసి, టేపు కింద దాక్కున్న అసలు వైరు వెతికి మళ్లీ అతికాను. మొదటి 'టంగ్' వచ్చినప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి "ఏంటండీ అది, కొత్తగా ఉంది" అంటూ బేస్‌మెంట్‌లోకి దిగొచ్చింది.

వైబ్రాటోకి స్కానర్ అని చిన్న డబ్బా ఉంటుంది, మోటారుకి అతుక్కుని సెకనుకి ఏడు చుట్లదాకా తిరుగుతుంది. దాని వైర్లు తెంపి ఆ దారిలో ఒక రివర్బ్ (ప్రతిధ్వని ఇచ్చే పరికరం) కలిపారు. రివర్బ్ తీసి, స్కానర్ విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బిగించాక సీ-3 కోరస్ (ఇది ఆర్గాన్ పేరు కాదు, వైబ్రాటో నాబ్ మీద ఒక సెట్టింగ్ పేరు) వచ్చింది, ఏడేళ్లలో ఆ సెట్టింగ్ మీంచి నాబ్ నేను దాదాపు తిప్పనే లేదు. కెపాసిటర్ల (స్వరాల్ని వడకట్టే విడిభాగాలు) విషయంలో ఇంకో తలనొప్పి, పైస్థాయిలో కొన్ని స్వరాలకి కొత్తవి వేసి మిగతా పాతవి వదిలేయడంతో స్కేల్ వాయిస్తుంటే నాలుగు స్వరాలు మెత్తగా, ఐదోది కీచుమని. అన్నీ మార్చేశా. పాతవే ఉంచితే తియ్యగా ఉంటుందని వాదించేవాళ్లున్నారు, వాళ్ల మాటా నిజమే, కానీ సగం సగం మాత్రం చేయకండి. ఒక్కో కీబోర్డుకి 61 కీలు, కీకి తొమ్మిది కాంటాక్టులు, 549, వాటి మీద ఎవరో ఏదో స్ప్రే కొట్టారు, కొన్ని కీలు గరగరమనేవి, బస్‌బార్‌ని (కాంటాక్టులన్నీ తగిలే పొడవాటి లోహపు కడ్డీ) చివర స్క్రూతో ఒక వెంట్రుకవాసి జరిపితే కొత్త చోట తగిలి శుభ్రంగా పలికాయి.

ప్రమాదం సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. లెస్లీలో 122, 147 అనే రెండు మోడళ్లకి ప్లగ్ చూడ్డానికి ఒకేలా ఆరు పిన్నులు, లోపల వైరింగ్ వేరు, 147లో స్పీడ్ మార్చే పిన్ మీద మెయిన్స్ ఏసీ ఉంటుంది. నా ఆర్గాన్‌కి 147 వైరింగ్ చేసి ఉంది, వచ్చిన స్పీకర్ 122. ప్లగ్ పెట్టేసి ఆన్ చేసుంటే ఏదో ఒకటి కాలేది, మీటర్‌తో చూశాను కాబట్టి సరిపోయింది. ప్రీ-ఆంప్‌లో (స్పీకర్‌కి పంపేముందు సిగ్నల్‌ని పెంచే భాగం) కూడా మూడొందల వోల్టుల దరిదాపు డీసీ ఉంటుంది, స్విచ్ ఆపినా కాసేపు నిలిచే ఉంటుంది, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని పనిచేయండి. ఆర్గాన్‌తో వచ్చిన కరెంటు తీగకి ఎర్త్ లేదు, ఫ్యూజ్ లేదు, రెండూ నేనే పెట్టించా, ఒరిజినల్ ఒరిజినల్ అని ఇక్కడ పట్టుబట్టకూడదు.

వాడకం ఎలా ఉందంటారా, కొన్నది పోగా ఇప్పటిదాకా 1900 డాలర్లు అయింది, అందులో సగం లెస్లీ మోటార్లకి, ట్యూబులకి (పాతకాలం గాజు వాల్వులు). ఏడేళ్లలో రెండే రిపేర్లు, రెండూ ట్యూబులే. ఏడాదికోసారి ఆయిల్. బరువు మాత్రం బెంచీ పెడల్స్‌తో కలిపి 190 కిలోల పైమాటే, ఒకసారి కిందకి దించాక ఇల్లు మారాలంటేనే భయం వేస్తుంది.

నేను గుంటూరులో లూథరన్ చర్చిలో కాలితో తొక్కే హార్మోనియం పక్కన నిలబడి కీర్తనలు పాడుతూ పెరిగాను. నెలకోసారి మా ఇంట్లో ప్రార్థన కూటానికి ఇప్పుడు ఇదే వాయిస్తా. మొదటి ఏడాది అమ్మ వచ్చి విని "అంతా బాగుంది గానీ నాన్నా, మన హార్మోనియంలాగా ఊపిరి తియ్యట్లేదేంట్రా" అంది. నిజమే, నేను వాల్యూమ్ పెడల్ ఒకచోట పెట్టి మర్చిపోయేవాణ్ణి. ఆ తర్వాత లైను మొదట్లో తగ్గించి, పాట పైకెళ్లే కొద్దీ పాదంతో పెంచుతూ, లెస్లీని నెమ్మది స్పీడ్‌లో పెట్టి వాయించడం అలవాటు చేసుకున్నా. మరుసటి ఏడు అమ్మ ఏమీ అనలేదు, కళ్లు మూసుకుని పాడింది.

గుంటూరు పంపించొచ్చా అని మా తమ్ముడు అడుగుతుంటాడు, ఇంకొందరు కూడా అడిగారు. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజ్ సర్దుకుంటుంది గానీ మోటారు నడిచేది కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి, ఇక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. అక్కడ తిప్పితే నిమిషానికి వెయ్యి చుట్లే, శ్రుతి మూడు స్వరస్థానాల పైన కిందకి పడిపోతుంది, 'సీ' స్వరం నొక్కితే 'ఏ' స్వరం కంటే ఇంకాస్త కింద పలుకుతుంది. ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ పెట్టుకుంటే కుదురుతుంది, ఖర్చు వేరే. ఇండియాలో కావాలనుకునేవాళ్లు ఐరోపా కోసం 50 హెర్ట్జ్‌కి చేసిన పీస్ దొరుకుతుందేమో చూడండి, కొనేముందు మోటారు మీద ప్లేటు ఫొటో తప్పకుండా అడగండి.