చియాంగ్ మాయ్ వంట క్లాసు, బ్యాంకాక్ ఫుడ్ టూర్: గుంపుగా వెళ్లేవాళ్లకు ఏది నయం?

పెద్ద గుంపుతో థాయ్‌లాండ్ వెళ్తే అందరూ కలిసి చేయగలిగే పనులు తక్కువ. గుళ్లకు తీసుకెళ్తే సగం మంది మెట్ల దగ్గరే కూర్చుంటారు, షాపింగ్ అంటే ఎవరి దారి వాళ్లది. మిగిలేది తిండి. అసలు చిక్కంతా అక్కడే. మాలో పెద్దక్క గుడ్డు కూడా ముట్టదు. బావగారికి రొయ్య లేనిదే ముద్ద దిగదు. వాళ్ల మనవడికి వేరుశనగ పడదు. కాలేజీ పిల్లలకు రోడ్డు పక్కన బండి కనిపిస్తే చాలు, కాళ్లు ఆగవు. ఇంతమందిని కలిపి చియాంగ్ మాయ్‌లో వంట క్లాసుకు, తర్వాత బ్యాంకాక్‌లో రాత్రి ఫుడ్ టూర్‌కు తీసుకెళ్లాం. ముందే చెప్పేస్తున్నా: పది మంది దాటితే వంట క్లాసుకే నా ఓటు. ఫుడ్ టూర్ నలుగురైదుగురు ఉన్నప్పుడే బాగుంటుంది.

చియాంగ్ మాయ్‌లో వంట నేర్పేవాళ్లకు కొదవ లేదు. పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఒకటే. వ్యాను వచ్చి బస దగ్గరే ఎక్కించుకుంటుంది. దారిలో ఒక మార్కెట్ చూపిస్తారు. తర్వాత ఎవరి పొయ్యి దగ్గర వాళ్లు నిలబడి నాలుగైదు వంటకాలు చేసి, వేడివేడిగా తింటారు. వేపుడు, సూప్, కూర, తీపి అని విభాగాలు ఉంటాయి. ఒక్కో విభాగంలో ఉన్న రెండు మూడు వంటకాల్లో ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు. పూట క్లాసుకు మనిషికి వెయ్యి భాట్ అటూ ఇటూ అవుతుంది, రోజంతా అయితే ఇంకాస్త. పొద్దున టిఫిన్ మానేసి వెళ్లండి. మధ్యాహ్నానికి కూర దగ్గరికి వచ్చేసరికి మాలో కొందరికి చెంచా ఎత్తే ఓపిక కూడా లేదు.

మాలాంటి కలగాపులగం గుంపుకు క్లాసు ఎందుకు కుదిరిందంటే, ఆ దేశపు వంటలో మాంసం తీసేసినంత మాత్రాన శాకాహారం అయిపోదు. ఉప్పు పని చాలావరకు చేపల సాసే చేస్తుంది, దాన్ని నామ్ ప్లా అంటారు. కూరల్లో వేసే పేస్టులోనే రొయ్యలు పులియబెట్టి చేసిన కపి కలిపి నూరుతారు. పచ్చి బొప్పాయి సలాడ్ సోమ్ టమ్‌లో ఎండు రొయ్యలు, వేరుశనగలు రెండూ పడతాయి, పాడ్ థాయ్ అనే నూడుల్స్ వేపుడులోనూ అంతే. హోటల్లో 'చికెన్ వద్దు' అంటే చికెన్ ముక్కలు మాత్రమే తీస్తారు, అడుగున ఉన్న కపి ఎక్కడికీ పోదు. క్లాసులో ఆ పేస్టు నూరేది మనమే. అక్క తన రోట్లో కపి వేయలేదు, దాని బదులు ఉప్పు, నామ్ ప్లా బదులు సోయా సాస్ వేసుకుంది. పక్క పొయ్యి మీద బావగారు రెండు చెంచాల చేపల సాస్ పోసుకున్నారు. వేరుశనగ సంగతి మాత్రం అంత తేలిక కాదు. ఒకే గదిలో, ఒకే బల్ల మీద పొడి ఎగురుతుంటుంది కాబట్టి బుక్ చేసేటప్పుడే రాసి పంపాం. మేం పూర్తి క్లాసు మాకే తీసుకున్నాం కాబట్టి ఆ రోజు బల్ల మీద వేరుశనగే పెట్టలేదు. కొత్తవాళ్లతో కలిసి చేసే క్లాసులో అది కుదరదు. అలర్జీ ఉన్న పిల్లలుంటే కాస్త ఖర్చయినా విడిగా తీసుకోవడమే మంచిది. చాలాచోట్ల ఒక క్లాసులో పది పన్నెండు మందికి మించి పట్టరు, కాబట్టి పెద్ద గుంపుకు అదనంగా పడే భారం పెద్దదేమీ కాదు.

బుక్ చేసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పేస్టు మేమే నూరుతామా, లేక ముందే నూరి ఉంచుతారా? ఈ ఒక్కదానితో ఆ క్లాసు ఎలాంటిదో తెలిసిపోతుంది. కొన్నిచోట్ల కూరగాయలు తరిగి, సాసులు కొలిచి, చిన్న గిన్నెల్లో సర్ది పెట్టేస్తారు. మనం చేసేదల్లా బాణలిలో పోసి కలపడం, ఫొటో దిగడం. మా టీచరమ్మ మాత్రం కత్తి చేతికిచ్చి నిమ్మగడ్డి సన్నగా తరగమంది. గ్రీన్ కర్రీకి పచ్చి మిరపకాయలు, దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి, మక్రూట్ అనే రకం నిమ్మతొక్క, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు రాతి రోట్లో వేసి దంచాలి. పీచున్న గట్టివి ముందు, నీరున్నవి తర్వాత. తారుమారైతే నిమ్మగడ్డి పీచులుపీచులుగా మిగిలిపోతుంది, పైగా రసం కంట్లోకి చిందుతుంది. మిక్సీ అయితే ముక్కలు కోస్తుందే గాని రోలులా నలగ్గొట్టి నూనెలు బయటికి తీయదని ఆవిడ వాదన. కాలేజీ పిల్లలు వాదించబోయారు గాని, దంచిన పేస్టు వాసన చూశాక మాట్లాడలేదు. తర్వాత చిక్కటి కొబ్బరిపాలు బాణలిలో మరిగించి, నూనె విడిపోయి పైకి తేలాక పేస్టు వేసి వేయించాలి. ఆ నూనె తేలే వరకు ఆగడమే కూర రుచి గుట్టు. ఆ కూరలో పడే బఠాణీ గింజంత వంకాయలు మన ఉస్తికాయలే. చూడగానే గుర్తుపట్టింది పెద్దక్క ఒక్కతే.

మేం వెళ్లింది ఊరి బయట తోటలో ఉన్న క్లాసుకు. తులసి రకాలు, మక్రూట్ నిమ్మ ఆకులు చెట్టు నుంచే కోసుకోవచ్చు, ముసలివాళ్లకు నడుం వాల్చడానికి అరుగులు ఉన్నాయి, పిల్లలు విసుగొస్తే పరిగెత్తడానికి చోటుంది. దోమలు మాత్రం మామూలుగా లేవు. మాలో ముగ్గురు మరో సాయంత్రం ఊళ్లోనే జరిగే చిన్న క్లాసుకు వెళ్లారు. వంట మాకంటే వాళ్లకే బాగా నేర్పారట, మంట ఎంత పెట్టాలో పక్కనే నిలబడి చెప్పారట. కానీ సాయంత్రం వేళ మార్కెట్ సగం మూసేసి ఉంటుంది, అక్కడ చూడటానికి ఏమీ లేకపోయింది. గదిలో చోటూ తక్కువే. మొత్తం మీద పెద్దలూ పిల్లలూ కలిసి ఉంటే తోట. వంట మీద నిజంగా ఆసక్తి ఉన్న నలుగురు అయితే ఊళ్లో ఉదయం క్లాసు.

బస గురించి రెండు మాటలు. చుట్టూ కందకం ఉన్న పాత ఊళ్లో దిగితే వంటవాళ్ల వ్యాను గుమ్మం దాకా వస్తుంది. ఆదివారం సాయంత్రం నడక బజారు కూడా అక్కడే. చిన్న గెస్ట్‌హౌస్ మొత్తం మనమే తీసుకుంటే రాత్రి ఎంతసేపు కబుర్లు చెప్పుకున్నా అడిగేవాళ్లు ఉండరు. అయితే చాలావాటికి లిఫ్ట్ ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింది గది ఖాయం చేసుకున్నాకే డబ్బు కట్టండి. అదే ఊళ్లో నిమ్మాన్ అనే పేట వైపు హోటళ్లు కొత్తవి, సౌకర్యాలు బాగుంటాయి, కాకపోతే కొన్ని క్లాసులు అక్కడికి వ్యాను పంపవు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పొలాలూ అడవులూ తగలబెట్టే పొగ ఊరంతా కమ్ముకుంటుంది. ఆ నెలల్లో ఆరుబయట పొయ్యి ముందు నిలబడటం దండగ. నవంబరు నుంచి జనవరి హాయి.

బ్యాంకాక్‌కు రాత్రి రైల్లో వచ్చాం. దాదాపు 750 కిలోమీటర్లు, పడుకుని లేస్తే వచ్చేస్తుంది. ఇప్పుడు ఈ రైళ్లు పాత హువా లాంఫోంగ్ స్టేషన్‌కు కాదు, 2023 జనవరి నుంచి క్రుంగ్ థెప్ అఫివత్ అనే కొత్త స్టేషన్‌కు వెళ్తున్నాయి. రైల్లో మద్యం 2014 నుంచి నిషేధం. బావగారు ఈ విషయం రైలెక్కాక తెలుసుకున్నారు.

ఇక ఫుడ్ టూర్. బ్యాంకాక్‌లో వీటిలో చాలా భాగం చైనా టౌన్‌లోని యావరాత్ రోడ్డు చుట్టూ తిరుగుతాయి. 2019లో వాట్ మాంగ్కోన్ మెట్రో స్టేషన్ వచ్చాక అక్కడికి వెళ్లడం చాలా తేలికైంది. చీకటి పడ్డాక ఆ వీధిని చూసి తీరాలి, అందులో సందేహం లేదు. నిప్పుల మీద రొయ్యలు, పెద్ద పెనం మీద ఆలిచిప్పల ఆమ్లెట్లు, మిరియాల ఘాటు పొగలు గక్కే కుయ్ జాబ్ నూడుల్ సూప్. ధర మాత్రం వంట క్లాసుకు ఇంచుమించు రెట్టింపు దాకా పోవచ్చు. ఇబ్బంది వీధిది కాదు, గుంపుది. కాలిబాట మీద ఇద్దరు పక్కపక్కన నడిచే చోటు లేదు. ఒక్కో బండి దగ్గర ఉండేవి నాలుగైదు స్టూళ్లు. గైడ్ ముందు నిలబడి చెప్పేది వెనక ఉన్న ఆరుగురికి వినపడదు. వాళ్లు మామిడిపండు అన్నం బేరమాడుతూ తప్పిపోతారు. మా గైడ్ పిల్ల చురుకైనదే, ముందే ఫోన్ చేసి ప్లేట్లు సిద్ధం చేయించింది. అయినా ఆగిన ఒక్కో చోట పట్టాల్సిన దానికి రెట్టింపు సమయం పట్టి, చివరి రెండు చోట్లు చూడకుండానే టూర్ ముగించారు.

శాకాహారుల విషయంలో ఆ కంపెనీ మీద నాకు కోపం తగ్గలేదు. బుకింగ్‌లో 'వెజ్ ఉంది' అని స్పష్టంగా రాసి ఉంది. అక్కకు దొరికింది నూనెలో వేయించిన పిండి ముక్కలు, దానిమ్మ రసం, అల్లం నీళ్లలో నల్ల నువ్వుల ఉండలు. ఉండలు అద్భుతం, కాదనను. కానీ వాటితో కడుపు నిండదు. చివరకు తూటికూర వేపుడు తెచ్చి పెట్టి 'ఇది వెజ్' అన్నారు. అందులో ఆలిచిప్పల సాస్ ఉందని అక్కే రుచి చూసి పట్టుకుంది, క్లాసులో ఆ సీసా వాసన చూసింది కాబట్టి. క్లాసు ముందు, టూర్ తర్వాత పెట్టుకోవాలని నేను అనేది ఇందుకే. ఏ గిన్నెలో ఏముందో ఒకసారి చేత్తో చేశాక వీధిలో ఎవరూ మోసం చేయలేరు. అక్కడ శాకాహారులు వెతకాల్సింది పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరాలతో ఉండే 'జే' గుర్తు. అది ఉన్నచోట మాంసం, చేపలు, గుడ్డు, పాలు మాత్రమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. సాధారణంగా అక్టోబరులో వచ్చే శాకాహార పండుగ రోజుల్లో యావరాత్ అంతా ఆ జెండాలే. శాకాహారులు ఎక్కువున్న గుంపులు ఆ రోజుల్లో వెళ్తే ఏ టూరూ అక్కర్లేదు.

మన ఆటోల్లాంటి టుక్‌టుక్‌లలో తిప్పే టూర్లు కూడా ఉన్నాయి. నడవలేని పెద్దలకు అవి సుఖం, దారిలో రాత్రంతా తెరిచి ఉండే పాక్ ఖ్లోంగ్ పూల మార్కెట్ చూపిస్తారు. కానీ ఒక్కో బండికి ముగ్గురు చొప్పున ఎక్కితే గుంపు ముక్కలైపోతుంది, ఆగిన చోటే కలుసుకోవడం. కలిసి తిరగడానికి వెళ్లినవాళ్లకు ఇది నచ్చుతుందో లేదో ముందే అడిగి చూసుకోండి.

నేను మళ్లీ అదే గుంపుతో వెళ్తే బ్యాంకాక్‌లో అందరికీ కలిపి టూర్ తీసుకోను. తినేవాళ్లు నలుగురైదుగురిని గైడ్‌తో పంపి, మిగిలినవాళ్లను మెట్రోకు దగ్గరలో ఏసీ ఉన్న 'జే' హోటల్‌కు తీసుకెళ్తాను. రెండు జట్లూ నల్ల నువ్వుల ఉండల బండి దగ్గర కలుసుకోవచ్చు. సోమవారం మాత్రం పెట్టుకోవద్దు. ఆ రోజు యావరాత్‌లో చాలా బండ్లు ఉండవు.