స్లైడ్ల వెనక ఎల్‌ఈడీ ప్యానెల్: రెండేళ్ల వాడకం తర్వాత

పాత ఫిల్ము స్లైడ్లను వెనక నుంచి వెలుగు పెట్టి డిజిటల్ కెమెరాతో ఫొటో తీసుకునే పనిలో కెమెరా, లెన్స్ సంగతులు అందరికీ తెలిసినవే. ఫుల్‌ఫ్రేమ్ బాడీ (35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్న కెమెరా), దగ్గరి వస్తువులను పెద్దగా తీసే 60 ఎంఎం మాక్రో లెన్స్, ముందు స్లైడును పట్టి ఉంచే నికాన్ ఈఎస్-2 అడాప్టర్ ఉంటే 35 ఎంఎం స్లైడు నిండుగా వస్తుంది. అడాప్టర్ లెన్స్‌కే బిగుసుకుంటుంది కాబట్టి వణుకు గొడవ లేదు. నేను చెప్పదలచింది వెనక పెట్టే దీపం గురించే. 1,500 స్లైడ్లు తీశాక కూడా ఆ ఎల్‌ఈడీ ప్యానెల్ మీద నా కోపం చల్లారలేదు.

మొదట్లో దాన్ని మెచ్చుకున్న మాట నిజమే. వేడెక్కదు, ఫోకస్‌కు ఎప్పుడూ వెలుగుంటుంది, అనంతపురంలో కరెంటు పోయినా పవర్ బ్యాంకుతో నడుస్తుంది. చెట్లు, ఆకాశం, కొండలు ఉన్న స్లైడ్లలో ఏ లోపమూ కనపడలేదు. లేపాక్షి స్లైడ్ల డబ్బా తీశాకే అసలు సంగతి బయటపడింది. వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మల్లోని ఎరుపు, స్లైడును కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే పచ్చి కుంకుమ. స్క్రీన్ మీద చూస్తే ఇటుకపొడి. స్లైడు లేకుండా ఖాళీ అడాప్టర్‌ను ఫొటో తీసి, దాన్నిబట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చే సర్దుబాటు) పెట్టినా అంతే: తెలుపు తెలుపుగానే ఉంది, ఎరుపు మాత్రం చచ్చిపోయింది. శాచురేషన్ (రంగు గాఢత) పెంచితే పక్క స్లైడులో మనుషుల ముఖాలు కందగడ్డల్లా తేలాయి.

ప్యానెల్ డబ్బా మీద సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె) 95 అని ఉంది. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 అందులో కలవదు. చవక తెల్ల ఎల్‌ఈడీ అంటే నీలం చిప్పు మీద, ఆ వెలుగును తెల్లగా మార్చే ఫాస్ఫర్ పూత. ముదురు ఎరుపు దాంట్లో పలచన. ఫిల్ము రంగును వడగడుతుంది అంతే, వెనక నుంచి రాని ఎరుపును పుట్టించలేదు. సాఫ్ట్‌వేర్‌తో సరిచేయబోయి వారం పోగొట్టుకున్నాను.

దారి చూపింది పాత ఫ్లాష్. కెమెరా మీద కాకుండా విడిగా, అడాప్టర్ ముందున్న పాలతెలుపు పలకకు ఎదురుగా 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. మాన్యువల్‌లో 1/16 పవర్, ఐఎస్ఓ 100, ఎఫ్/8, షటర్ 1/125, రా ఫైల్ (కెమెరా రంగులు దిద్దని ఫైల్). ఎక్స్‌పోజర్ మార్చాలంటే ఫ్లాష్‌ను ముందుకో వెనక్కో జరపండి. పవర్ మారిస్తే రంగు కూడా కాస్త జరుగుతుంది. ఎఫ్/11 దాటితే మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. అదే లేపాక్షి స్లైడు ఈ వెలుగులో తీస్తే ఎరుపు ఎరుపుగా వచ్చింది, అంచుల నలుపు గీతలు కూడా విడివిడిగా కనపడ్డాయి. ఆ రోజు పడ్డ సంతోషం మాటల్లో చెప్పలేను.

ప్యానెల్ వెలుగు తగ్గించి వాడితే ఇంకో చిక్కు: షటర్ వేగం పెంచగానే ఫొటోలో అడ్డచారలు పడతాయి. వెలుగు పూర్తిగా పెట్టి షటర్ నెమ్మది చేస్తే పోతాయి.

అయినా దాన్ని పారేయలేదు. ఫ్లాష్ ఒక్క క్షణమే వెలుగుతుంది కదా, ఫోకస్‌కు ఏదో దీపం కావాలి. ప్యానెల్ వెలిగించి, లైవ్ వ్యూ (కెమెరా తెర మీది బొమ్మ) పెద్దది చేసి, ఫిల్ము గ్రెయిన్ (సన్నని రేణువులు) మీద ఫోకస్ పట్టి, ఆర్పేసి నొక్కుతాను. అట్టమౌంటులో (స్లైడు చుట్టూ ఉండే అట్ట చట్రంలో) ఫిల్ము మధ్యలో ఉబ్బుతుంది, అందుకని నడిమికి కాకుండా నడిమికీ మూలకూ మధ్యన పట్టాలి.

దుమ్ము సంగతి ఏ దీపానికైనా ఒకటే. కెమెరాలో స్కానర్‌లా ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము మచ్చలు పట్టి చెరిపే ఏర్పాటు ఉండదు. స్లైడుకు రెండు వైపులా బ్లోయర్ కొట్టాలి, నోటితో ఊదకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ ఆపితే గది కొలిమే, వేస్తే దుమ్ము. అందుకే ఈ పని తెల్లారి ఐదు నుంచి ఎనిమిదిలోపే.

నా దగ్గర ఎక్కువగా గుళ్ల స్లైడ్లు, ఫ్లాష్ ఇంట్లోనే ఉంది కాబట్టి నాకు కుదిరింది. నలుపు తెలుపు ఫిల్ము తీసేవాళ్లకు ఈ ప్యానెలే చాలు. రంగు స్లైడ్లకు కొనాలనుకుంటే మాత్రం అంగడిలో ఆర్9 ఎంతో అడగండి. చెప్పలేకపోతే బాగా ఎర్రగా ఉన్న స్లైడొకటి తీసుకుపోయి, అక్కడే కెమెరాతో తీసి, బయట ఎండలో ఎత్తి పట్టుకుని పోల్చి చూడండి.