డేటా.గవ్.ఇన్: అనుమతి ఉదారం, పట్టికల నిర్వహణ అంతంత మాత్రం

ప్రభుత్వ సమాచారాన్ని ఎవరైనా తీసుకుని తిరిగి వాడుకునేందుకు కేంద్రం నడుపుతున్న డేటా.గవ్.ఇన్ పోర్టల్‌ను మార్కెట్ ధరల కోసం, జిల్లాల గణాంకాల కోసం నేను తరచుగా వాడుతుంటాను. ప్రజాధనంతో సేకరించిన సమాచారం ప్రజల చేతికి రావాలన్న 2012 నాటి జాతీయ విధానం దీనికి పునాది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఈ పోర్టల్‌ను సిద్ధం చేసింది.

నా దృష్టిలో ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది 2017 ఫిబ్రవరిలో వచ్చిన ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు. 2005 నాటి సమాచార హక్కు చట్టం తెలుసుకునే హక్కును ఇచ్చింది, కొన్ని వివరాలను ఎవరూ అడగకుండానే వెల్లడించాలని నాలుగో సెక్షన్ కింద శాఖలను ఆదేశించింది. కానీ అలా చేతికొచ్చిన పట్టికను యాప్‌లో పెట్టి అమ్ముకోవచ్చా, పుస్తకంగా అచ్చు వేసుకోవచ్చా అన్న సందేహం అలాగే ఉండిపోయింది. ఈ లైసెన్సు దాన్ని తీర్చింది. దీని కింద విడుదలైన సమాచారాన్ని రుసుము లేకుండా, చట్టబద్ధమైన ఏ పనికైనా, వ్యాపారానికి సైతం, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు. పట్టికల శీర్షికలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి, అనువాదానికి విడిగా అనుమతి అక్కర్లేకపోవడం తెలుగులో పనిచేసేవారికి పెద్ద ఊరట. సమాచారం ఎవరిదో, ఎక్కడ దొరికిందో, ఏ లైసెన్సు కింద వచ్చిందో చెప్పాలి. మన పనిని ప్రభుత్వం ఆమోదించిందన్న భావన కలిగించకూడదు. వ్యక్తిగత వివరాలు, ప్రభుత్వ చిహ్నాలు దీని పరిధిలోకి రావు, అది సబబే. అయితే సమాచారాన్ని ఇకముందూ అందిస్తూనే ఉంటామన్న హామీ ఏదీ లేదని అదే లైసెన్సు చెబుతుంది. దాని మీద ఆధారపడి సేవ నడపాలనుకునేవారు ఆ నిబంధనను తప్పక చదవాలి.

నేను చూసినంతలో బాగా పనిచేసేది వ్యవసాయ మార్కెట్ల రోజువారీ ధరల పట్టిక. రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, తేదీ, వాటి పక్కనే క్వింటాలుకు కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర వరుసగా ఉంటాయి. గుంటూరు మిర్చి గానీ నిజామాబాద్ పసుపు గానీ ఏ ధర పలికిందో మన ప్రోగ్రామే నేరుగా తెచ్చుకునేలా ఏపీఐ అనే అనుసంధాన సదుపాయం ఉంది. దాన్ని వాడటానికి కీ, అంటే ఒక రహస్య సంకేతం, కావాలి. సైటులో చూపించే నమూనా కీతో ఒకసారికి పది వరుసలే వస్తాయి. పేరు నమోదు చేసుకుని సొంత కీ తీసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఈ పట్టికలో ఆ రోజు ధరలే ఉంటాయి గనుక, దీంతోనే హెచ్చుతగ్గులు గమనించాలంటే ఏ రోజుకారోజు దించుకుని దాచుకోవాలి.

అసలు చిక్కు జిల్లాల దగ్గర వస్తుంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2015 పట్టికలోని వరంగల్ ఉమ్మడి జిల్లా. 2022 పట్టికలోని వరంగల్ అందులో ఒక ముక్క మాత్రమే, ఎందుకంటే 2021లో వరంగల్ అర్బన్‌ను హనుమకొండగా, వరంగల్ రూరల్‌ను వరంగల్‌గా మార్చారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి దిగుబడి సగానికి సగం పడిపోయిందని ఎవరైనా రాస్తే, తప్పు రాసినవారిది మాత్రమే కాదు, ఏ సరిహద్దుల ప్రకారం లెక్కించారో చెప్పకుండా పట్టికను ఎక్కించిన శాఖది కూడా. ప్రతి జిల్లాకూ, మండలానికీ, గ్రామానికీ కోడ్ ఇచ్చే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కేంద్రం దగ్గరే ఉంది. ఆ కోడ్ లేని పట్టికను పోర్టల్ స్వీకరించకూడదని నేను గట్టిగా కోరుతున్నాను.

మండల స్థాయి వివరాలు కావలసినవారు ముందుగా తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ చూడటం మేలు. ఆ రాష్ట్రం 2016లోనే సొంత విధానం తెచ్చుకుంది. రోజువారీ వర్షపాతం, ఉష్ణోగ్రతలు మండలాల వారీగా, నెలకో ఫైలు చొప్పున అక్కడ దొరుకుతాయి. దేశమంతటి ధరలను పోల్చి చూడాలనుకునే వ్యాపారులకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, విలేకరులకు మాత్రం డేటా.గవ్.ఇన్‌నే సూచిస్తాను. దించుకున్న ప్రతి ఫైలు పేరులోనూ తేదీ రాసి పెట్టుకోండి.