అడుగుకింత కూలి: పిల్లల ఫిట్‌నెస్ బ్యాండ్ ఏడాదికి పైగా వాడాక

రంగులు, బ్యాటరీ, వాటర్‌ప్రూఫ్ లాంటివి అమ్మేవాళ్ల పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను రాసేది ఒక్క ఫీచర్ గురించి. చేతికున్న బ్యాండ్ లెక్కలో ఇన్ని అడుగులు వేస్తే ట్యాబ్ ఇన్ని నిమిషాలు తెరుచుకుంటుంది, వేయకపోతే లాకే. మా తొమ్మిదేళ్ల పాపకి ఈ బ్యాండ్ కొన్నది అది చూసే, ఇప్పుడు ఒళ్లు మండుతున్నదీ దాని మీదే.

మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది, అది అబద్ధం కాదు. మాది బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్. స్కూల్ నుంచి రాగానే సోఫాలో కూలబడే పిల్ల లిఫ్ట్ మానేసి మెట్లెక్కేది, పెరుగు ప్యాకెట్ కావాలంటే నేను తెస్తానని కిందికి పరిగెత్తేది. మా బ్లాక్ వాట్సాప్ గ్రూపులో అందరినీ కొనమని కూడా చెప్పాను. యాప్‌లో పెట్టి ఉన్న 10,000 అడుగుల టార్గెట్‌ని మాత్రం అప్పుడే తగ్గించాను, ఎందుకంటే ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన అడుగులు లెక్కపెట్టే ఒక పెడోమీటర్‌తో ప్రచారంలోకి వచ్చిందే గానీ పిల్లల కోసం డాక్టర్లు లెక్కకట్టింది కాదు. డబ్ల్యూహెచ్‌ఓ 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు చెప్పేది రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు బాగా కదిలేలా ఉండాలని, అడుగుల లెక్కేమీ లేదు.

చిక్కు కబ్బన్ పార్కులో బయటపడింది. ఆదివారం అక్కడ బండ్లు తిరగనివ్వరు కాబట్టి సైకిల్‌ని కారులో వేసుకుని వెళ్లేవాళ్లం. ఆ రోజు గంటకు పైగా తొక్కింది, మొహం ఎర్రబడి జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది. నీళ్లు తాగుతూ చెయ్యి తిప్పి చూసుకుంటే అడుగులు వందల్లోనే ఉన్నాయి. "అమ్మా, ఇది నన్ను కౌంట్ చేయట్లేదు!" ఎలా చేస్తుంది? లోపలున్న యాక్సెలరోమీటర్ అనే కదలికల సెన్సర్ చెయ్యి ఊగే తీరును బట్టి అడుగులు లెక్కేస్తుంది, హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి ఊగదు కదా. వెతగ్గా వెతగ్గా సైకిల్ మోడ్ దొరికింది, అది ఎంతసేపు తొక్కిందో, గుండె ఎంత కొట్టుకుందో చూపిస్తుంది గానీ ట్యాబ్ ఖాతాలో ఒక్క నిమిషం వేయదు. కస్టమర్ కేర్‌కి రాస్తే మీ సూచనను మా టీమ్‌కి పంపాం అని మెయిల్ వచ్చింది. ఇక అంతే సంగతులు.

తర్వాతి ఆదివారం సైకిల్ వద్దంది. "వేస్ట్ అమ్మా, నడిస్తేనే వస్తాయి." పుట్టినరోజుకి పట్టుబట్టి కొనిపించుకున్న సైకిల్ అది! స్కేటింగూ అటకెక్కింది. రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ చుట్టూ ప్రదక్షిణలు, కళ్లేమో మణికట్టు మీద, కాసిన్ని అడుగులు తక్కువైతే ఉన్నచోటే నిలబడి చెయ్యి ఆడించడం. మా అత్తగారు చూసి చూసి "ఆడుకున్నందుకు కూలి ఏంటమ్మా దీనికి?" అన్నారు. ఆవిడకి తెలియదు గానీ ఇది 1973లోనే పరీక్షించి చూసిన సంగతి. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే సైకాలజిస్టులు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి వేయించారు. కొన్నాళ్లకి ఆ స్కెచ్ పెన్నులే ఇచ్చి వాళ్ల ఇష్టానికి వదిలేస్తే, మిగతా పిల్లలకన్నా వీళ్లే తక్కువసేపు వేశారు. ఈ ఫీచర్ తయారుచేసిన వాళ్లలో ఒక్కరైనా అది చదివి ఉండరా అని నా అనుమానం.

ఇప్పుడు అది ఆపేశాం. నడిచినా నడవకపోయినా ట్యాబ్‌కి సాయంత్రం ఒక టైమ్, అంతే. మొదటి వారం ఇల్లు కురుక్షేత్రమే. సైకిల్ మళ్లీ బయటికొచ్చింది, అయితే మునుపటంత కాదు, మెట్లెక్కడం మాత్రం పూర్తిగా మానేసింది.

కొనమంటారా అంటే, పిల్ల ఏ ఆట జోలికీ పోకుండా కూర్చునే రకమైతే కొన్నాళ్లు పనికొస్తుంది. మా పై ఫ్లాట్ బాబుకి ఇంకా బాగానే పనిచేస్తోంది, వాడికి అంతకు ముందు ఏ ఆటా లేదు మరి. సైకిలో ఈతో అలవాటున్న పిల్లలకైతే ఆ ఫీచర్ ఆన్ చేయకండి. మేం బ్యాండ్ పడేయలేదు, వైబ్రేషన్ అలారం కోసం ఉంచాం, స్కూల్ బస్సుకి నేను అరవకుండానే లేస్తోంది. పట్టీ ఒకటి చెమటకి బకిల్ దగ్గర చిరిగింది, విడిగా కొన్న పట్టీయే నయం, మెత్తగా ఉంది.